ఊదారంగు పళ్లెం

అల్ ఖోర్‌ల పొద్దు ఉప్పుతోని లేస్తది.
నాలుగింటికి బస్సు, ఐదింటికి ల్యాబు.
నా పని గాజు కడుగుడు.
సదువుకున్నోళ్లు పెంచిన బ్యాక్టీరియాను
ఆవిరి పెట్టెల ఉడకవెట్టి సంపుడు.
మూడేండ్లల ఎన్ని కోట్లను సంపిన్నో,
ఆ పాపం లెక్కగట్టేటోడు ఇక్కడ లేడు.

మునీరా మేడం థఖీరా మడచెట్ల కాడినుంచి
మోకాలిదాక బురదతోని వస్తది.
"మా తాత ముత్యాలకు మునిగిండు,
నేను బురదకు మునుగుతున్న" అని నవ్వుతది,
సగం అరబ్బీల, సగం ఉర్దూల.

ఒకనాడు కడగబోయే పళ్లెం నా చేతులకెళ్లి గుంజుకున్నది.
"ఆగు. చూడు."
పళ్లెమంత ఊదా,
నేరేడు పండ్లు తిన్న నాలుక లెక్క.
నడుమ ఒక చుక్క, మడబురదల దొరికిన పురుగు విడిచిన రసం.
దాని చుట్టు, రూపాయి బిళ్లంత జాగ,
తెల్లగ.

సచ్చినయా, అన్న.
లేదు, బతికే ఉన్నయి అన్నది.

ఒంటిగ ఉంటె ఇవి ఏం చెయ్యవట.
వాసన లాంటిదేదో ఒకదానికొకటి పంపుకుంటయట,
ఎంతమందిమి అయినమని.
సరిపోను మంది అయినమని తెలిసినంకనే
రంగు పూస్తయి, విషం కక్కుతయి,
జిగురుతోని ఇల్లు గట్టుకుంటయి, మందు చొరని ఇల్లు.
ఈ రసం సంపదు.
నడుమల మాటను తుంచుతది, అంతే.
పక్కపొంటి కోటి ఉండంగ
ప్రతొక్కటి నేనొక్కదాన్నే అనుకుంటది.

నాకు లింబాద్రి కాలు యాదికొచ్చింది.
ఇనుప చువ్వ దిగిన పుండు, షుగర్ మనిషి,
ఐదు నెలలు, ఏడు తీర్ల గోళీలు.
కట్టు విప్పితె రూములున్న పన్నెండు మందిమి
ముక్కులు మూసుకొని గోడదిక్కు తిరుగుతుంటిమి.
ఆ పుండు లోపట జిగురుగోడ సాటుకు
అవి ముచ్చట వెట్టుకున్నయి కావచ్చు.
పాదం ఇక్కడి దవఖానల ఉండిపాయె,
మిగిలిన మనిషి మెట్‌పల్లి పోయిండు.

"ఈ మందు ఎన్నడొస్తది మేడం?"
"ఎలుకలదాక గూడ పోలే. పదేండ్లు.
రాకపోవచ్చు గూడ."
అబద్ధం రాని మనిషి.

ఇంకోటి యాదికొచ్చింది. అది ఆమెకు చెప్పలే.

పాత కంపెనీల నాలుగు నెల్ల జీతం రాలే.
నీళ్ల డ్రమ్ము కాడ ఒక్కడు గొణిగిండు.
పప్పు ఉడికే కాడ ఏడుగురు.
నీకు వడ్డదా? నాకు వడలే.
చెప్పుల చప్పుడు, దగ్గు, ఒక బీడి పదిమంది.
నూట నలభై అయినంక
ఎవడన్నడో తెల్వది,
తెల్లారి బస్సు ఎవ్వలం ఎక్కలే.
ఎండల నిలవడి ఒక్క రంగు పూసినం.

కంపెనీ కొట్టలే. తిట్టలే.
రాత్రికి రాత్రి ఐదు క్యాంపులకు పంచింది,
రూముల ఒక్క భాషోళ్లు ఇద్దరుండకుంట.
అందరం బతికే ఉంటిమి.
తెల్లగ.

సాయంత్రం ఫోటోలు తీసుడయినంక
ఆ పళ్లెం మళ్ల నా చేతికే వచ్చింది.
దీపం కింద వట్టి చూసిన.
ఊదాకు తెలుపుకు నడుమ
సన్నటి గీత, పలసటి రంగు.
సగం వినవడ్డయేమో వాటికి.
లింబాద్రి కాలుకు ఆ రసం కావాలె.
నాకు ఈ గీత కావాలె.
ఎవ్వలిని అడగాలె?
మూత బిగించి బటన్ ఒత్తిన.

బయట షమాల్ గాలి,
అద్దాల మీద ఇసుక రాస్తున్నది, తుడుస్తున్నది.
ఈ కంపెనీల గూడ రెండు నెలలాయె.
బస్సుల పక్క సీటుల నేపాలీ పిలగాడు,
ఎనిమిది నెలలసంది పక్కనే కూసుంటడు,
పేరు అడగలే ఎన్నడు.
వాని దిక్కు వంగి, వచ్చీరాని హిందీల,
మెల్లగ,
జీతం పడ్డదా తమ్మీ, అన్న.